సైట్ మీద ఉన్న ప్రతి మనిషికీ డబ్ల్యూసీ పాలసీ: చిన్న కాంట్రాక్టర్ ఎలా తీసుకోవాలి?

స్లాబ్ వేసే రోజు మీ సైట్ మీద ఎంతమంది ఉంటారో ఎప్పుడైనా లెక్కపెట్టారా? మామూలుగా ఎనిమిది మంది పనిచేసే చోట ఆ రోజు నలభై మంది కనిపిస్తారు. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర ముఠా, పైన కాంక్రీటు సర్దేవాళ్ళు, వైబ్రేటర్ పట్టేవాడు, కింద సెంట్రింగ్‌కు కాపలా ఉండే ఇద్దరు, పైపులు చూసుకునే కరెంటు మనిషి. వీళ్ళలో మీ హాజరు పుస్తకంలో పేరు ఉన్నవాళ్ళు ఎందరు? మీ ఇన్సూరెన్స్ పాలసీలో లెక్కకు వచ్చినవాళ్ళు ఎందరు? ప్రమాదం జరిగినప్పుడు కాంట్రాక్టర్లు మునిగిపోయేదీ, కూలీల కుటుంబాలు రోడ్డున పడేదీ ఈ లెక్కల మధ్య తేడా దగ్గరే. డబ్ల్యూసీ పాలసీ అంటే పనిలో దెబ్బ తగిలిన కూలీకి మీరు ఇవ్వాల్సిన పరిహారాన్ని మీ తరఫున కట్టే బీమా. అందుకే దాన్ని కొనడం కంటే ముందు, ఆ తేడా లేకుండా ఎలా చూసుకోవాలో ఎక్కువగా చెబుతాను.

పాలసీకి ముందు: చట్టం మీ మీద పెట్టిన బరువు ఎంత?

పనిచేసేటప్పుడు, ఆ పని కారణంగా కూలీకి దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సింది పనిలో పెట్టుకున్నవాడే. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం నుంచీ ఇదే సూత్రం. 2010 నుంచి దాన్ని ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అన్నారు. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చాక, ఆ పాత చట్టం స్థానంలోకి దాని ఏడో అధ్యాయం వచ్చింది. పేర్లు మారినా మేస్త్రీలు, ఏజెంట్లు అందరూ ఇంకా 'డబ్ల్యూసీ పాలసీ' అనే అంటారు. నేనూ అలాగే అంటాను.

ఇక్కడ మీ తప్పు ఉందా లేదా అన్నది ప్రశ్న కాదు. పరంజా మీరే కట్టించారా, బెల్టు ఇచ్చారా అన్నవి వేరే సంగతులు. పనిలో ప్రమాదం జరిగిందా లేదా అన్నదే చూస్తారు. 'తాగి ఉన్నాడు', 'చెప్పినా హెల్మెట్ పెట్టుకోలేదు' లాంటి వాదనలు చిన్న దెబ్బల విషయంలో చెల్లవచ్చు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా అవి అస్సలు చెల్లవు. 'వాడు అడ్డా మీద ఆ ఒక్క రోజుకే వచ్చాడు' అన్న మాటా అంతే. తాత్కాలిక కూలీలకు ఒకప్పుడు ఉన్న మినహాయింపును 2000లో చేసిన సవరణతో తీసేశారు.

మొత్తం ఎంతవుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఈ లెక్క తెలియక చాలామంది 'ఏమైనా అయితే ఒక లక్షో రెండు లక్షలో' అనుకుంటారు. చనిపోతే నెల వేతనంలో 50 శాతాన్ని, వయసును బట్టి చట్టంలో ఇచ్చిన గుణకంతో హెచ్చించాలి. లెక్కకు తీసుకునే నెల వేతనానికి 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి 15,000 రూపాయలు. ఈ రోజుల్లో మేస్త్రీ అయినా కూలీ అయినా దాదాపు అందరూ ఆ పరిమితిని తాకుతారు. 30 ఏళ్ళ వయసుకు గుణకం 207.98. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. 25 ఏళ్ళ కుర్రాడైతే గుణకం 216.91, మొత్తం 16,26,825. 50 ఏళ్ళ మనిషికి 153.09 చొప్పున 11,48,175.

శాశ్వతంగా పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే 50 శాతం బదులు 60 శాతం తీసుకుంటారు. 30 ఏళ్ళవాడికి అది 18,71,820. కొంత భాగమే పోతే దానికి తగిన శాతం ఇస్తారు. బొటనవేలు పోతే 30 శాతం అని చట్టం పట్టికలోనే ఉంది. ఆ లెక్కన పైన చెప్పిన మనిషికి 5,61,546 రూపాయలు. కొన్నాళ్ళు మాత్రమే పని చేయలేకపోతే నెల వేతనంలో నాలుగో వంతు చొప్పున పదిహేను రోజులకోసారి ఇవ్వాలి. వైద్యం ఖర్చు ఎంతైతే అంత, అదనం.

పట్టికలో శాతం తక్కువ ఉంది కదా అని ధీమా పడకండి. ఒక వడ్రంగి సినిమా హాల్లో పనిచేస్తూ కిందపడితే ఎడమ చేతిని మోచేతి పైకి తీసేయాల్సి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అది పూర్తి వైకల్యమేనని 1976లో సుప్రీంకోర్టు చెప్పింది. రాడ్ వంచే మనిషికీ, తాపీ పట్టే మనిషికీ చెయ్యి అంటే అదే.

మొదటి మెట్టు: మనుషుల్ని రాసుకోండి

ఏజెంట్‌కు ఫోన్ చేయకముందే ఒక పుస్తకం తీయండి. పునాది నుంచి రంగుల దాకా ఆ పనికి ఎవరెవరు వస్తారో పని వారీగా రాయండి. గుంతలు తవ్వేవాళ్ళు, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, తాపీ మేస్త్రీలు, వాళ్ళ కింద మాల్ అందించే కూలీలు, స్లాబ్ ముఠా, కరెంటు, ప్లంబింగ్, టైల్స్, పెయింటర్లు, రాత్రి కాపలా మనిషి. కాపలా మనిషిని అందరూ మర్చిపోతారు.

నేను మొదటిసారి పాలసీ తీసుకున్నప్పుడు తాపీ మేస్త్రీలు, వాళ్ళ కూలీలు కలిపి పన్నెండు మందినే రాయించాను. సెంట్రింగ్ వాళ్ళు వేరే మేస్త్రీ మనుషులు, వాళ్ళ సంగతి ఆయనే చూసుకుంటాడనుకున్నాను. బోర్డులు విప్పుతుంటే ఒక కుర్రాడి కాలు విరిగింది. పాలసీలో అతను లేడు. ఆస్పత్రి ఖర్చూ, మూడు నెలల కూలి డబ్బూ నేనే పెట్టుకున్నాను, పెట్టుకోవాల్సిందే కూడా. ఆ రోజు అతనికి ఇంకేదైనా జరిగి ఉంటే ఆ కుటుంబానికి ఇవ్వడానికి నా దగ్గర ఏముండేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

అప్పటికి నాకు తెలియనిది ఇదీ: మీరు పనిని సబ్ కాంట్రాక్ట్‌కు ఇచ్చినా, ఆ మేస్త్రీ కూలీ తన పరిహారం కోసం నేరుగా మిమ్మల్నే అడగవచ్చు. మీరు కట్టిన డబ్బును ఆ మేస్త్రీ దగ్గర రాబట్టుకునే హక్కు చట్టం ఇచ్చింది. పదిహేను లక్షలు ఆయన దగ్గర ఉంటేనే కదా ఆ హక్కు పనికొచ్చేది. కాబట్టి సబ్ కాంట్రాక్టర్లు ఉన్నప్పుడు రెండే దారులు. ఆయనే పాలసీ తీసుకుని ఉంటే కాపీ అడిగి తీసుకోండి. అందులో తేదీలు, సైట్ చిరునామా, మనుషుల సంఖ్య మీ పనికి సరిపోతున్నాయో చూడండి. లేదంటే ఆయన మనుషుల్ని 'కాంట్రాక్టర్ల కార్మికులు' అనే విభాగం కింద మీ పాలసీలోనే చేర్పించి, ఆ ప్రీమియం ఆయన బిల్లులో ఎంత పట్టుకుంటారో ముందే మాట్లాడుకోండి. నా వరకు రెండోదే మేలు. ఆయన పాలసీ మధ్యలో ఆగిపోయినా మీకు తెలియదు.

ప్రతి మనిషికీ పేరు, వయసు, ఆధార్ కాపీ, సొంతూరి చిరునామా, ఇంట్లో వాళ్ళ ఫోన్ నంబర్ రాసుకోండి. పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో వచ్చినవాళ్ళను సైట్ మీద ముద్దు పేర్లతోనే పిలుస్తాం. ఆస్పత్రి కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే క్లెయిమ్ నెలల తరబడి నలుగుతుంది. వయసు ఎంత ముఖ్యమో పైన గుణకాల్లోనే చూశారు. పద్దెనిమిది నిండనివాళ్ళను సైట్ మీదకు రానివ్వకండి.

మీ సంస్థకు ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉండి, కార్మికుడు దాని పరిధిలో ఉంటే అతని పరిహారం ఈఎస్ఐ చూసుకుంటుంది. అతను రెండు చోట్లా తీసుకోలేడు. నెలకు 21,000 దాటి తీసుకునేవాళ్ళు ఈఎస్ఐలోకి రారు కాబట్టి వాళ్ళను డబ్ల్యూసీలో చేర్చండి. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో మీ కూలీలు నమోదయ్యేలా చూడండి, 18 నుంచి 60 ఏళ్ళవాళ్ళు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే నమోదు కావచ్చు. బోర్డు ఇచ్చేది వాళ్ళకు అదనపు ఆసరా, దానివల్ల మీ బాధ్యత తగ్గదు.

రెండో మెట్టు: కూలి లెక్క నిజంగా చెప్పండి

ఈ పాలసీలో ప్రీమియం మనుషుల తలల మీద కాదు, మీరు కట్టే మొత్తం కూలి మీద లెక్క వేస్తారు. పని వారీగా ఇలా వేసుకోండి. ఆరుగురు తాపీ మేస్త్రీలు, రోజుకు వెయ్యి, నెలకు 25 రోజులు, ఎనిమిది నెలల పని అనుకుంటే 12,00,000 రూపాయలు. ఇలా ఒక్కో పనికీ వేసి అంతా కూడండి. ఎత్తులో పనిచేసేవాళ్ళకు రేటు ఎక్కువ, కాపలా మనిషికి తక్కువ. అందుకే విభాగాల వారీగా చెప్పడం మీకే లాభం.

'లెక్కకు 15,000 దాకానే కదా, అంతే రాద్దాం' అని కొందరు ఏజెంట్లు అంటారు. ఇంకొందరు సగం మందినే రాయమంటారు. వినకండి. పరిమితి పరిహారం లెక్కకే. పాలసీలో అడిగేది మీరు నిజంగా ఇచ్చే కూలి. తక్కువ చూపిస్తే క్లెయిమ్ వచ్చిన రోజున కంపెనీ మీ హాజరు పుస్తకం తెప్పించుకుని చూస్తుంది. చూపించిన కూలికీ ఇచ్చిన కూలికీ పొంతన లేకపోతే ఆ నిష్పత్తిలో కోత పెట్టవచ్చు, అసలు కాదనవచ్చు కూడా. మీరు మిగుల్చుకున్నది కొన్ని వేలు, మీద పడేది లక్షలు. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కన్నా తక్కువ చూపిస్తే ఇంకో చిక్కు కూడా కొనితెచ్చుకున్నట్టే.

ముందుగా వేసిన అంచనా తప్పినా భయం లేదు. పాలసీ ముగిశాక అసలు కట్టిన కూలి లెక్క ఇస్తే ప్రీమియాన్ని దాని ప్రకారం సర్దుబాటు చేస్తారు. మధ్యలో ఇంకో అంతస్తు కలిసినా, మనుషులు పెరిగినా వెంటనే కంపెనీకి రాసి ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు చేసినట్టు ఇచ్చే కాగితం) తీసుకోండి.

మూడో మెట్టు: పాలసీలో ఏం ఉండాలో అడగండి

న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలూ, చాలా ప్రైవేటు కంపెనీలూ ఈ పాలసీ ఇస్తాయి. కనీసం రెండు మూడు చోట్ల కొటేషన్ అడగండి. రేటు ఒక్కటే చూసి కొనకండి. ఈ ప్రశ్నలు అడిగి, జవాబులు కొటేషన్‌లో రాయించుకోండి.

వైద్య ఖర్చు ఉందా? ఇది అన్నిటికన్నా ముఖ్యం. కూలీ వైద్యానికి అయిన అసలు ఖర్చు మీరే భరించాలని చట్టం అంటుంది. పాలసీలో మాత్రం అది చాలాసార్లు అదనపు కవర్‌గా, మనిషికి ఇంత అన్న పరిమితితో ఉంటుంది. సైట్ మీద ఎక్కువగా జరిగేవి చావులు కాదు, కాళ్ళూ చేతులూ విరగడం. ప్లేట్లు, స్క్రూలు వేసి ఆపరేషన్ చేస్తే ఎంతవుతుందో మీ ఊరి ఆస్పత్రిలో కనుక్కుని ఆ పరిమితి పెట్టించండి.

సబ్ కాంట్రాక్టర్ల కార్మికులు ఉన్నారా? మీరు నోటితో చెప్పినంత మాత్రాన సరిపోదు, పాలసీ షెడ్యూల్‌లో (ఎవరికి, ఎంతకు అన్న వివరాల పేజీలో) కనిపించాలి. పేర్లతో ఇస్తారా, సంఖ్యతో ఇస్తారా? ముఠాలు మారుతూ ఉండే పనికి పేర్లు లేకుండా సంఖ్య, విభాగాలతో ఇచ్చేదే నయం. అప్పుడు కూడా మీ హాజరు పుస్తకం పక్కాగా ఉండాలి.

సైట్ చిరునామా సరిగ్గా ఉందా? ఒకేసారి రెండు చోట్ల పనిచేస్తుంటే రెండూ రాయించండి. పాలసీ మాటల్లో కొత్త సామాజిక భద్రతా స్మృతి ప్రస్తావన ఉందా, 1923 చట్టం పేరు ఒక్కటే ఉందా అన్నది కూడా అడగండి. కొత్త చట్టం ప్రకారం ఇంటి నుంచి పనికి వస్తూనో, పని నుంచి ఇంటికి వెళ్తూనో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పరిహారంలోకి వస్తుంది. ట్రాక్టర్ మీద, ఆటోలో కూలీలను తెప్పించుకునే మనకు ఇది చాలా పెద్ద మార్పు.

వడ్డీ, జరిమానా కవర్ అవుతాయా? పరిహారం కట్టడంలో నెల దాటితే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా పడతాయి. చాలా పాలసీలు ఈ రెండిటినీ మినహాయిస్తాయి. వడ్డీని అలా మినహాయించుకోవచ్చని 2006లో సుప్రీంకోర్టు కూడా అంది. అంటే ఆలస్యం ఖరీదు మీదే.

కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంది కదా అనకండి. అది కట్టడానికి, సామానుకు. గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ కూడా దీనికి బదులు కాదు. అలాగే ఈ పాలసీ పనిచేసేవాళ్ళకే కాబట్టి, యజమాని అయిన మీరు ఇందులోకి రారు. మీరూ పరంజా ఎక్కేవాళ్ళే అయితే మీకు వేరుగా ప్రమాద బీమా తీసుకోండి. ఏమీ లేనిదానికన్నా మేలుగా, ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షలిచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన బ్యాంకులోనే ఉంది. మీ కూలీలతో కూడా కట్టించండి.

నాలుగో మెట్టు: డబ్బు కట్టి, కాగితం చదవండి

ప్రీమియం అందకముందు జరిగిన ప్రమాదానికి కంపెనీ బాధ్యత తీసుకోదు. 1938 బీమా చట్టంలోనే అలా ఉంది. 'ఏజెంట్‌కు ఫోన్‌లో చెప్పేశాను' అంటే సరిపోదు. ముగ్గు పోసే రోజుకు ముందే ఆన్‌లైన్‌లోనో, చెక్కుతోనో కట్టి, రశీదు తీసుకోండి. పాలసీ చేతికి వచ్చాక మొదలయ్యే తేదీ, గంట, చిరునామా, విభాగాలు, సంఖ్య, కూలి మొత్తం, అదనపు కవర్లు మీ పుస్తకంతో పోల్చి చూడండి. తప్పుంటే అదే రోజు రాతపూర్వకంగా దిద్దించండి.

ఐదో మెట్టు: సైట్ మీద రోజూ

పొద్దున్నే హాజరు వేయండి. స్లాబ్ రోజున ముఠా మేస్త్రీ నుంచి పేర్ల జాబితా తీసుకున్నాకే మిల్లర్ తిప్పించండి. పది నిమిషాల పని. కూలి వీలైనంతవరకు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, అదే తర్వాత సాక్ష్యం. ప్రమాదం జరిగితే పరిహారం అడిగే హక్కు ఉందని పనిలో చేరేటప్పుడే కూలీకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. 2017 నుంచి ఇది చట్టం పెట్టిన బాధ్యత. ఒక బోర్డు మీద రాసి గోడకు తగిలించండి.

ఆరో మెట్టు: ప్రమాదం జరిగితే

ముందు ఆస్పత్రి. మిగతావన్నీ తర్వాత. పెద్ద దెబ్బైతే ఆస్పత్రిలో ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు) రాయించండి, పోలీసులకు తెలియజేయండి. అదే రోజు ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టండి. ప్రమాదం జరిగిన చోటును ఫోటోలు తీయండి. హాజరు పుస్తకం, కూలి చెల్లించిన వివరాలు, చూసినవాళ్ళ మాటలు పోగుచేయండి. చావు గానీ తీవ్ర గాయం గానీ అయితే ఏడు రోజుల్లో కార్మిక శాఖ అధికారికి రిపోర్టు ఇవ్వాలి. తీవ్ర గాయం అంటే ఎముక విరగడం కూడా వస్తుంది, చాలామందికి ఇది తెలియదు. చిన్న గాయాల క్లెయిమ్‌కు డాక్టర్ సర్టిఫికెట్, బిల్లులు, ఎక్స్-రేలు సరిపోతాయి. శాశ్వత వైకల్యం ఉంటే ఎంత శాతమో డాక్టర్ రాసివ్వాలి.

చావు జరిగినప్పుడు ఏం చేయకూడదో బాగా గుర్తుపెట్టుకోండి. మన దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, శవం ఇంకా మార్చురీలో ఉండగానే ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు. రెండు లక్షలకో మూడు లక్షలకో మాట కుదురుస్తారు. తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. కుటుంబం ఏడుస్తూ ఊరెళ్ళిపోతుంది. కాంట్రాక్టర్ ఊపిరి పీల్చుకుంటాడు. ఆ కాగితానికి చట్టం దృష్టిలో విలువ లేదు. పరిహారం హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఏ ఒప్పందమైనా చెల్లదు. మరణ పరిహారాన్ని కార్మిక శాఖలోని అధికారి దగ్గరే డిపాజిట్ చేయాలి. కుటుంబం చేతిలో పెట్టింది పరిహారం కింద లెక్కకు రాదు. మూడు నెలల వేతనం వరకు అడ్వాన్సుగా ఇచ్చినదాన్ని మాత్రమే తర్వాత మినహాయిస్తారు. రేపు ఆ భార్యో తండ్రో కేసు వేస్తే, మీరు ఇచ్చిన మూడు లక్షలు పోను కాదు, దానికి తోడు మొత్తం పరిహారం కట్టాల్సి వస్తుంది. రాజీకి వెళ్ళి రిపోర్టు ఇవ్వకపోవడంతో కంపెనీకి కూడా ఆలస్యం అనే సాకు దొరుకుతుంది.

వాళ్ళకు రావాల్సిన పదిహేను లక్షలను మూడు లక్షలకు తెగ్గొట్టడం తప్పు కూడా. ఆ మనిషి మన పైకప్పు కోసం పైకెక్కినవాడు. పాలసీ ఉంటే, ఆ రోజు మీరు కుటుంబాన్ని కూర్చోబెట్టి 'మీకు చట్టప్రకారం రావాల్సిందంతా వస్తుంది, నేను దగ్గరుండి చూస్తాను' అని ధైర్యంగా చెప్పగలరు. దహన ఖర్చులకు, ప్రయాణానికి వెంటనే సాయం చేయండి, రశీదు తీసుకోండి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, ఆధార్, వారసుల వివరాలు కంపెనీకి అందించండి. కంపెనీ సర్వే సాగుతూ ఉన్నా మీ నెల గడువు ఆగదు. బాధ్యత మొదలయ్యేది ప్రమాదం జరిగిన రోజునే తప్ప ఆర్డర్ వచ్చిన రోజున కాదు. అందుకే వారం వారం రాతపూర్వకంగా గుర్తుచేస్తూ ఉండండి.

చివరి మెట్టు: పని పూర్తయ్యే దాకా పాలసీ

ఎనిమిది నెలల్లో అయిపోతుందనుకున్న ఇల్లు పది నెలలు పడుతుంది. ఇసుక రాక, యజమాని బిల్లు ఆపి, వానలు పడి. అప్పటికి పాలసీ ముగిసి ఉంటుంది. సైట్ మీద మాత్రం బయట గోడకు తాడు కట్టుకుని వేలాడుతూ రంగులు వేసేవాళ్ళు, తెరిచి ఉన్న లిఫ్ట్ గుంత దగ్గర పనిచేసే ఫిట్టర్లు ఉంటారు. పాలసీ చివరి తేదీని సైట్ ఆఫీసు క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాయండి. దానికి నెల ముందే ఎంత పని మిగిలిందో చూసుకుని పొడిగింపు అడగండి. పెయింటర్ల సంఖ్య, కూలి అప్పుడే చేర్పించి, పొడిగింపు కాగితం చేతికి వచ్చాకే తాడు కట్టనివ్వండి.